పొలం ఎన్నిసార్లయినా మారుతుంది, మురుగు దిగే దారి ఉండాలి: గోదావరి డెల్టా అధికారులకు బహిరంగ లేఖ

గోదావరి డెల్టాలో పంట కాలువలు, మురుగు కోడులు, భూమి రికార్డులు, వ్యవసాయం, ధాన్యం కొనుగోలు చూస్తున్న అధికారులకు, ఈ నియోజకవర్గాల ప్రజాప్రతినిధులకు

విషయం: తరతరాల కుటుంబ కమతాలు నిలబడటానికి మీ చేతిలో ఉన్న పనులు

అయ్యా, అమ్మా,

నమస్కారం. గ్రామసభ తీర్మానాలు, సోమవారం అర్జీలు, కాలువ గట్టు మీదకు వచ్చిన ప్రతి అధికారికీ చెప్పుకున్న మాటలు అన్నీ అయ్యాక ఈ లేఖ రాస్తున్నాం. అర్జీలకు రసీదులు వచ్చాయి. కొన్నింటికి పరిష్కారం అయిపోయిందని ఫోనుకు సందేశం కూడా వచ్చింది. మురుగు కోడులో నీటి మీద అల్లుకున్న గుర్రపుడెక్క కలుపు మాత్రం తీయలేదు. అందుకే అర్జీలో పట్టని వివరం ఇక్కడ పెడుతున్నాం. ఓపికగా చదవండి.

డెల్టా రైతు పాత పద్ధతి వదలడు, కొత్తది పట్టడు అని సమావేశాల్లో తరచూ వింటున్నాం. ఇక్కడి కమతాల చరిత్ర తెలిసినవాళ్లెవరూ ఆ మాట అనరు. తాత చేసినట్టే మనవడూ చేసి ఉంటే ఈ డెల్టాలో ఒక్క కమతమూ మిగిలేది కాదు. 1833 కరువు, 1839 తుపాను నాటికి ఇది వానను నమ్ముకుని, వరదకు భయపడి చేసిన సేద్యం. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయ్యాక కాలువ నీటికి తగ్గట్టు చేలు చదును చేసి, గట్లు వేసి, పంట బోదెలు తవ్వుకున్నారు. మెట్ట పంటల మనుషులు ఒక్క తరంలో వరి ఊడ్పులు నేర్చారు. అక్కుళ్లు, కృష్ణకాటుకలు, బాసంగి లాంటి పొడుగు రకాలు వేశారు. అవి గాలికి పడిపోయేవి, అయినా ఎడ్లకు గడ్డి ఇచ్చేవి. 1925లో మార్టేరులో వరి పరిశోధన కేంద్రం వచ్చాక ఒక్కొక్క రకమే మారింది. 1960ల చివర ఐఆర్ 8 అనే పొట్టి రకం, ఎరువులు, దాళ్వా (రబీ వరి) విస్తరణ కలిసి వచ్చి ఒక పంట పొలం రెండు పంటల పొలమైంది. పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజీ పూర్తయిన 1982లోనే మార్టేరు నుంచి స్వర్ణ, అంటే ఎంటీయూ 7029 వచ్చింది. 150 రోజుల పంట, తక్కువ నత్రజనికీ పండుతుంది. సార్వా (ఖరీఫ్ వరి) అంటే స్వర్ణ అన్నంతగా అల్లుకుపోయింది. 2000లో ఎంటీయూ 1010, కాటన్ దొర సన్నాలు వచ్చి 120 రోజుల్లో చేతికందడంతో దాళ్వా దానికి మళ్లింది.

కొబ్బరి సంగతీ అంతే. 1996 నవంబరు 6 తుపానుకు కోనసీమలో తోటలు నేలమట్టమయ్యాయి. పొడుగు రకం మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ చెట్ల మధ్య అరటి, కంద వేసుకుని ఇల్లు గడుపుకున్నారు. చెట్టు నీడ పట్టాక కోకో పెట్టారు. అంబాజీపేట పరిశోధన కేంద్రం ఇచ్చిన గోదావరి గంగ సంకరం త్వరగా కాపుకొస్తుందని తెలిసి దాన్నీ నాటారు. లంకల్లో పొగాకు పోయి కూరగాయలు వచ్చాయి. ఎడ్లు పోయి ట్రాక్టరు, కొడవలి పోయి కోత మిషను వచ్చాయి.

ఈ మార్పుల్లో రైతు తన డబ్బుతో, తన తెగువతో చేసుకోగలిగినవన్నీ చేసుకున్నాడు. చేసుకోలేనివాటిలో ముఖ్యమైనవి మూడు: మురుగు నీరు దిగే దారి, కాలువ నీరు వచ్చే తేదీ, కాగితం మీద సాగు చేసేవాడి పేరు. ఈ మూడూ మీ దగ్గరున్నాయి.

మురుగు నీరు

డెల్టా కమతం మొదట చచ్చేది ఇక్కడే కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్పాలి.

చేలో నీరు ముందు మురుగు బోదెలోకి, అక్కడి నుంచి చిన్న కోడులోకి, దాన్నుంచి పెద్ద డ్రెయిన్లోకి, చివరకు నదీపాయలోకో సముద్రంలోకో పోతుంది. తీరానికి దగ్గర చేలు సముద్ర మట్టానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తులోనే ఉంటాయి. వాలు దాదాపు లేదు. రోజుకు రెండుసార్లు పోటు వచ్చినప్పుడు డ్రెయిన్ మొగ, అంటే అది సముద్రంలోనో నదిలోనో కలిసే చోటు, మూసుకుపోతుంది. పోటు తగ్గే పాటు వేళలోనే నీరు దిగుతుంది. అంటే దిగడానికి రోజులో సుమారు సగం సమయమే ఉంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఎకరం మీద ఒక అంగుళం వాన అంటే లక్ష లీటర్లకు పైగా నీరు. వెయ్యి ఎకరాల పల్లం మీద 10 సెంటీమీటర్ల వాన పడితే నాలుగు లక్షల ఘనపు మీటర్లు. అది మూడు రోజుల్లో దిగాలంటే రేయింబవళ్లు 55 క్యూసెక్కులు, అంటే సెకనుకు 55 ఘనపు అడుగులు పారాలి. పోటు వేళలు తీసేస్తే, పాటు ఉన్నంతసేపు 110 క్యూసెక్కులు పారాలి. డ్రెయిన్ అడుగున రెండడుగుల పూడిక, మీద గుర్రపుడెక్క, గట్టున తూటికాడ ఉంటే ఇందులో సగం కూడా పారదు. అప్పుడు మూడు రోజులు కాస్తా వారం, పది రోజులవుతాయి.

వారం అంటే వరికి ఎంత? ఊడ్చిన పది రోజుల్లోపు పైరు వారం పాటు పూర్తిగా మునిగితే మామూలు రకాలు కుళ్లిపోతాయి, మళ్లీ ఊడ్చాలి. నారు ఎక్కడిది? ఎకరానికి 5 సెంట్ల నారుమడి, 25 కేజీల విత్తనం, మరో 25 రోజులు కావాలి. పూత మీద రెండు మూడు రోజులు మునిగినా పుప్పొడి కడుక్కుపోయి తాలు గింజలే మిగులుతాయి. కోతకొచ్చిన చేను పడిపోయి నీళ్లలో ఉంటే కంకి మీదే మొలకెత్తుతుంది. ముంపును తట్టుకునే రకాలు వేసుకోమని చెబుతున్నారు. వేస్తున్నాం. 2009లో వచ్చిన స్వర్ణ సబ్-1 పిలకల దశలో రెండు వారాల ముంపు తట్టుకుంటుంది, నిజమే. పూత మీద ముంపుకి గానీ, నెలల తరబడి మోకాలి లోతు నిలిచే మురుగుకి గానీ అది మందు కాదు. రకం మార్చడం రైతు పని. కోడు తవ్వడం విత్తనం వల్ల అయ్యే పని కాదు.

పూడిక తీత జరగడం లేదని మేము అనడం లేదు. జరుగుతున్న తీరులో తప్పులున్నాయి. కాలువలు కట్టేసిన వేసవిలో పనికి దొరికేది నెలా నెలన్నర. ఆ సమయం అంచనాలకు, టెండర్లకే పోతుంది. మిషను కోడులో దిగేసరికి జూన్ వచ్చి పైనుంచి నీరు వదులుతారు. నీళ్లలో తవ్విన బురదను గట్టు అంచునే పోస్తారు. మొదటి పెద్ద వానకు అది మళ్లీ కోడులోకే జారుతుంది. గుర్రపుడెక్కను బయటికి లాగి ఎండబెట్టకుండా కిందికి తోస్తారు, తర్వాతి తూము దగ్గర అది గుట్టపడుతుంది. ఇంకా పెద్ద తప్పు, తవ్వకం ఎగువ నుంచి మొదలుపెట్టడం. మొగ పూడి ఉండగా పైన తవ్వితే ఎగువ ఊళ్ల నీరు వేగంగా వచ్చి దిగువ ఊళ్ల మీద నిలుస్తుంది. మొగ దగ్గర మొదలుపెట్టి ఎగువకు రావాలి. ఇది ఇంజనీర్లకు తెలియని విషయం కాదు.

తూముల సంగతి వేరే చెప్పాలి. కోడు వెడల్పు 20 అడుగులున్నచోట కొత్త లేఅవుట్ దారి కోసం రెండడుగుల పైపులు రెండు వేసి మట్టి పోస్తున్నారు. ఆ పైపు అడుగు కోడు అడుగుకన్నా ఒక అడుగు ఎత్తులో ఉంటే, ఎంత తవ్వినా ఆ అడుగు నీరు ఎప్పటికీ దిగదు.

ఇక మొగ దగ్గర తలుపులు. అవి తుప్పు పట్టి మూతపడకపోతే పోటు నీరు కోడు వెంట ఊళ్లలోకి ఎక్కుతుంది. మలికిపురం, సఖినేటిపల్లి వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీరు ఎక్కి కొబ్బరి చెట్లు మొవ్వు ఎండి మోడులైన సంగతి రాష్ట్రమంతా చూసింది. వరి చేను ఉప్పు పడితే రెండు మూడేళ్లు కడిగి బాగుచేసుకోవచ్చు. నలభై ఏళ్ల కొబ్బరి చెట్టు పోతే ఒక తరం ఆదాయం పోయినట్టే.

1960ల్లో మిత్రా కమిటీ ఈ డ్రెయిన్లనే చూసి వెళ్లింది. మురుగు బాగుచేతకు డెల్టా రైతు నుంచి సెస్సు వసూలు చేసేందుకు 1968లో చట్టమే చేశారు. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటిస్తే మోహన్ కందా కమిటీ వచ్చింది. 2022లో మళ్లీ కొన్ని మండలాల్లో విరామం అన్నారు. చేతికొచ్చే పంటను వేయనని చెప్పడం రైతుకు సరదా కాదు. మునగడానికి పెట్టుబడి పెట్టలేక చెప్పిన మాట అది.

చెరువు పక్క చేను

డెల్టాలో చాలా చేలకు సొంత బోదె లేదు. పై మడి నిండి కింది మడికి, దాని నుంచి ఆ కిందికి నీరు పారుతుంది. మురుగూ అదే దారి. ఉమ్మడి కుటుంబంగా ఉన్నన్నాళ్లు ఇది ఇబ్బంది కాలేదు. పంపకాలు వచ్చాక చిక్కు మొదలైంది. ఎనిమిది ఎకరాల కమతం ముగ్గురికి పంచితే ఒక్కొక్కరికి రెండెకరాల 66 సెంట్లు, వాళ్ల పిల్లలు ఇద్దరేసి అయితే ఎకరం 33 సెంట్లు. అదీ ఒకచోట కాదు. మెరకలో వాటా, పల్లంలో వాటా, తోటలో వాటా అందరికీ సమానంగా రావాలని పొడుగాటి బద్దలుగా కోసుకుంటారు. ఒక బద్దలో చేసిన పని పక్క బద్ద మీద పడుతుంది.

ఆ వాటాల్లో ఒకదాన్ని రొయ్యల చెరువుకు ఇచ్చారనుకోండి. ఆరడుగుల గట్టు లేస్తుంది. కింది వాటాకు పైనుంచి నీరు రాదు, పై వాటా మురుగుకు దారి ఉండదు. గట్టు అడుగు నుంచి ఉప్పు ఊట చేలోకి వస్తుంది. మొదటి ఏడు గట్టు వెంట రెండు మూడు గజాల మేర ఆకు కొసలు తెల్లబడి ఎండుతాయి, కుదురు పిలక వేయదు. ఎండాకాలం ఆ మేర మట్టి మీద తెల్లటి పొర తేలుతుంది. రెండో ఏడు అది పది గజాలవుతుంది. దీనికి విరుగుడు మాకు తెలుసు. మంచినీరు నిలగట్టి, రెండు మూడు రోజులకు వదిలేసి, మళ్లీ నింపాలి. ఎకరానికి 10 నుంచి 12 కేజీల జీలుగ చల్లి, 45 రోజులకు పూత మీద కలియదున్నాలి. ఇవన్నీ చేయడానికి కాలువ నీరు ముందు రావాలి, వదిలిన ఉప్పునీరు దిగడానికి కోడు ఉండాలి. రెండూ లేనిచోట పక్క రైతు విసిగిపోయి తన చేనూ చెరువుకే ఇస్తున్నాడు. అతను ఇష్టపడి మారాడని మీ లెక్కల్లో రాసుకోకండి.

ఆక్వాకు మేము శత్రువులం కాదు. భీమవరం, ఉండి ప్రాంతాల్లో ఆ చెరువుల మీద బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి, అందులో మా బంధువులూ ఉన్నారు. 1994లో తెల్లమచ్చ తెగులుకు టైగర్ రొయ్య పోయినప్పుడు ఎంతమంది పొలాలు అమ్ముకున్నారో, 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక ఎంతమంది మళ్లీ నిలదొక్కుకున్నారో తెలుసు. ఏ మండలంలో ఎక్కడి వరకు చెరువు, ఎక్కడి నుంచి వరి అని గీత గీసి, ఆ గీత మీద నిలబడటమే మేము అడుగుతున్నది.

తేదీ

ఇది చిన్న లెక్క. జూన్ 10కి నారు పోస్తే 150 రోజుల స్వర్ణ నవంబరు మొదటి వారంలో కోతకొస్తుంది. కాలువ చివరనున్న శివారు పొలాలకు నీరు ఆలస్యమై జూలై 15కి పోస్తే డిసెంబరు రెండో వారం అవుతుంది. 2012లో నీలం, 2013లో హెలెన్, 2023లో మిచౌంగ్, 2025లో మొంథా అన్నీ అక్టోబరు ఆఖరు నుంచి డిసెంబరు మొదటి వారం లోపే వచ్చాయి. ఆలస్యమైన చేను ఆ రోజుల్లో పూత మీదో, పాలు పోసుకునే దశలోనో, కోత మీదో ఉంటుంది. సార్వా ఆలస్యమైతే దాళ్వా ఊడ్పు సంక్రాంతి దాటుతుంది. వంతుల వారీ నీటితో గింజ గట్టిపడే వేళకు కాలువ కట్టేస్తారు. ఆ మీదట పెసర, మినుము మాట ఉండదు.

జూన్ 1న కాలువ మొదట్లో ఉండే హెడ్ రెగ్యులేటర్ దగ్గర గేట్లు ఎత్తిన ఫొటో పేపర్లో వస్తుంది. శివారు తూముకు ఆ నీరు ఏ రోజు చేరిందో ఎవరూ రాయడం లేదు. మా పంట కాలం మొదలయ్యేది ఆ రెండో తేదీతోనే.

తడి ధాన్యం

కోత మిషను రాక ముందు చేను కోసి పనలు మూడు నాలుగు రోజులు ఆరనిచ్చి, కట్టి, కుప్ప వేసేవారు. కంకులు లోపలికి, మొదళ్లు బయటికి పెట్టి పైన గడ్డి కప్పిన కుప్ప వానకు తట్టుకునేది. నూర్పిడి సంక్రాంతి తర్వాతైనా చేసేవారు, ధర చూసి అమ్మేవారు. కూలీలు దొరక్క మిషను వచ్చింది. మిషను గంటలో ఎకరం కోసి, 22 నుంచి 25 శాతం తేమ ఉన్న గింజను ట్రాక్టరులో పోస్తుంది. కొనుగోలు నిబంధన 17 శాతం. ఈ మధ్య ఉన్న ఎండబెట్టే పనికి చోటు లేదు.

ఎకరానికి 30 బస్తాలు, అంటే 2,250 కేజీలు పండితే, రెండంగుళాల మందాన ఆరబోయడానికి సుమారు రెండు సెంట్ల గచ్చు కావాలి. రెండు మూడు రోజుల ఎండ కావాలి. గంటకోసారి ధాన్యంలో కాళ్లు ఈడ్చుకుంటూ చాళ్లు తీసినట్టు తిప్పాలి, లేకపోతే పై గింజ పగిలి అడుగు గింజ వేడెక్కి రంగు మారుతుంది. ఆ చోటు లేక ధాన్యం రోడ్ల మీద పోస్తున్నారు. రాత్రి దాని మీద పరదా కప్పి, చుట్టూ రాళ్లు పెడితే ఆ రాళ్లకు మోటారు సైకిళ్లు తగిలి మనుషులు పడుతున్నారు. ఎండబెట్టడానికి చోటు లేని కౌలుదారు పచ్చి ధాన్యమే కళ్లం దగ్గర దళారికి ఇస్తాడు. 24 శాతం తేమతో తూగిన 75 కేజీల బస్తా 17 శాతానికి ఆరేసరికి 68 కేజీల 700 గ్రాములే. ఈ ఆరు కేజీల తేడా న్యాయమైనదే, దాన్ని ఎవరూ కాదనరు. అంతకు మించి కోస్తున్న ప్రతి కేజీ మాత్రం రైతుది. రైతు సేవా కేంద్రంలో తేమ మిషను 17 చూపించి, మిల్లు దగ్గర అదే లోడు 19 చూపిస్తే ఎవరి మిషను సరైందో తేల్చే మనిషి అక్కడ లేడు. లారీ అద్దె పెరుగుతుందని రైతు తలొంచుతున్నాడు.

కాగితం మీద పేరు

ఉమ్మడి కుటుంబాల పొలాల్లో ఇప్పటికీ చాలాచోట్ల భూమి రికార్డులైన అడంగల్, 1బీలో చనిపోయిన పెద్దాయన పేరే ఉంది. మన రాష్ట్రంలో అప్పటికి పెళ్లి కాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు 1985 సెప్టెంబరు నుంచే ఉంది, అది మంచి చట్టం. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న అక్కచెల్లెళ్ల వాటా, ఉద్యోగానికి వెళ్లిన అన్న వాటా ఊళ్లో ఉన్న ఒక్కరే చేస్తున్నారు. ఇంటి మాట మీద సాగుతున్న ఈ ఏర్పాటుకు కాగితం లేదు. ఊళ్లో ఉండి చేస్తున్న ఆ ఒక్కరు తన వాటాకే యజమాని, మిగతా వాటాలకు పేరులేని కౌలుదారులాంటివారే. పంట పోతే పరిహారం, పంట రుణం, బీమా, ధాన్యం డబ్బు అన్నిటికీ ఆ పేరే అడ్డం.

బయటి కౌలుదారు పరిస్థితి ఇంకా కష్టం. 2011 చట్టంలో రుణ అర్హత కార్డు అన్నారు, 2019 చట్టంలో 11 నెలల సాగుదారు హక్కు పత్రం అన్నారు. రెండో దానికి యజమాని సంతకం తప్పనిసరి. పొలం పోతుందేమోనన్న భయంతో యజమాని సంతకం పెట్టడు. పెట్టినా, అదే పొలం మీద ఆయన ముందే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు రెండోసారి ఇవ్వదు. 2025-26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే 75 కేజీల బస్తా 1,777. ఎకరానికి 30 బస్తాలు పండి యజమానికి 15 బస్తాలు మక్తా (కౌలు) కడితే కౌలుదారు చేతికి 26,655 రూపాయలు. దుక్కి, ఊడ్పు, ఎరువులు, మందులు, మిషను, ఎండబెట్టుడు, రవాణా అన్నీ అందులోంచే. మునిగితే వచ్చే పరిహారం యజమాని ఖాతాకు పోతే అతనికి మిగిలేది అప్పు.

కాబట్టి మేము అడుగుతున్నవి ఇవి:

1. ప్రతి ఏడాది మురుగు కోడుల పనుల టెండర్లు జనవరి ఆఖరుకు పూర్తి చేయండి. కాలువలు కట్టిన మరునాడే మిషన్లు దిగాలి. తవ్వకం మొగ నుంచి ఎగువకు సాగాలి. పని ముందు, పని తర్వాత అడుగు మట్టాలు కొలిచి, ఆ అంకెలు సచివాలయం గోడ మీద అతికించండి. తీసిన మట్టి కోడు అంచుకు పదడుగుల అవతల పోయించండి. బిల్లు చెల్లించే ముందు నీటి సంఘం సభ్యులు, శివారు రైతులు ఇద్దరు కోడు వెంట నడిచి చూసి సంతకం పెట్టే పద్ధతి తీసుకురండి. పూడిక లోతును గట్టు మీద నుంచి చూసి ఎవరూ చెప్పలేరు, వెదురు గడ దింపి చూడాలి.

2. కోడుల మీద ఉన్న ప్రతి తూము, పైపు, వంతెన జాబితా తయారు చేయండి. ఎగువ వెడల్పు కన్నా ఇరుకైనవి, అడుగు మట్టం కన్నా ఎత్తులో వేసినవి రాబోయే వేసవిలో తీసేయండి. లేఅవుట్ అనుమతికి ముందు మురుగు ఇంజనీరు లెవెల్ చూసి రాసిచ్చిన పత్రం తప్పనిసరి చేయండి.

3. సముద్రం, నదీపాయల మొగల దగ్గర తలుపులన్నీ ఆటుపోట్లకు తగ్గట్టు తెరిచి మూసే మనిషిని పెట్టండి. ఒక్క మనిషి జీతం లేక వందల ఎకరాల కొబ్బరి పోతోంది.

4. వరి చేలను ఆనుకుని చెరువుకు అనుమతి ఇచ్చే ముందు చుట్టూ ఉన్న రైతుల లిఖిత అభిప్రాయం తీసుకోండి. గట్టుకూ చేనుకూ మధ్య ఊట కందకం, పై చేల మురుగుకు పక్కదారి లేకుండా అనుమతి వద్దు. అనుమతి లేని చెరువుకు కరెంటు కనెక్షన్ ఇవ్వకండి. చెరువు నీరు పంట కాలువలోకి వదిలితే ఎవరికి చెప్పాలో ఒక ఫోను నంబరు, ఎన్ని గంటల్లో వస్తారో ఒక మాట ఇవ్వండి. ఉప్పు పడిందన్న చేల మట్టి, నీటి పరీక్ష వారంలో చేసి ఫలితం రైతు చేతికే ఇవ్వండి.

5. హెడ్ రెగ్యులేటర్ తేదీతో పాటు, ప్రతి కాలువ చివరి తూముకు నీరు చేరిన తేదీ నమోదు చేసి ప్రకటించండి. జూన్ 15 లోపు చేరని శివారుకు తక్కువ కాలం రకాల విత్తనం రైతు సేవా కేంద్రంలో సిద్ధంగా ఉంచండి. జూలై ఆఖరున వచ్చిన విత్తనంతో ఎవరికీ ఉపయోగం లేదు.

6. వంద ఎకరాల సార్వా ఉన్న ఊరికి కనీసం 50 సెంట్ల ఉమ్మడి గచ్చు కల్లం కట్టించండి. ఒకేసారి పాతిక ఎకరాల ధాన్యం ఆరుతుంది, నాలుగు విడతల్లో ఊరంతా అయిపోతుంది. మండలానికి కొన్ని డ్రయ్యర్లు పెట్టండి, తుపాను హెచ్చరిక వచ్చిన వారంలో అవే దిక్కు. తేమ ఒక్కచోటే, రైతు సేవా కేంద్రంలోనే తేలాలి. అక్కడ తేల్చిన అంకెను మిల్లు మార్చకూడదు.

7. ఉమ్మడి పట్టాలున్న ఊళ్లలో వారసత్వ మార్పిడి శిబిరాలు పెట్టండి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల పత్రం, పంపకం కాగితం, సర్వేయరు కొలత అన్నీ ఒకే రోజు ఒకే చోట జరిగితే సగం తగాదాలు అక్కడే తీరతాయి. కొలతలో మురుగు బోదె, పుంత, నడక దారి కూడా గీయించండి. వాటాలు విడగొట్టి బోదెను గీయకపోతే ఆ కాగితమే రేపటి తగాదా అవుతుంది.

8. అక్కచెల్లెళ్లు, అన్నదమ్ముల వాటా సాగు చేసేవారికి, కౌలుదారులకు యజమాని సంతకం లేకుండానే పంట కాలానికి సాగు ధ్రువీకరణ ఇవ్వండి. ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో రాసే ఈ-పంట నమోదులో ఉన్న పేరు, చుట్టుపక్కల రైతుల సాక్ష్యం చాలు. ఆ పత్రం వల్ల భూమి మీద ఏ హక్కూ రాదని దాని మీదే పెద్ద అక్షరాలతో అచ్చు వేయండి, యజమాని భయం తగ్గుతుంది. పంట పరిహారం, బీమా, ధాన్యం డబ్బు ఈ పేరు మీదే జమ కావాలి.

9. స్వర్ణకు, 1010కు దీటుగా నిలిచే, నెలల తరబడి నిలవ నీటినీ కాస్త ఉప్పునూ తట్టుకునే రకాలు మార్టేరులో ఏ దశలో ఉన్నాయో ఊళ్లలో మినీకిట్ల (చిన్న విత్తన సంచుల) ద్వారా చూపించండి. చేలో చూసిన రకాన్ని రైతు మరుసటి ఏడే వేస్తాడు.

వీటిలో ఒకటి, రెండు, మూడు, ఐదు పనులకు కొత్త చట్టం అక్కర్లేదు, మీ స్థాయిలో ఆదేశం చాలు. వాటిని రాబోయే వేసవిలోనే మొదలుపెట్టమని కోరుతున్నాం. మిగతా వాటిలో ఏది అవుతుంది, ఏది కాదు, ఎందుకు కాదు అన్నది రాతపూర్వకంగా చెప్పండి. కాదన్న జవాబైనా మాకు పనికొస్తుంది, దాన్ని బట్టి ఏ చేలో ఏం వేయాలో ముందే తేల్చుకుంటాం.

ఈసారి దాళ్వా కోతలు అయ్యేలోపు జవాబు కోసం ఎదురుచూస్తాం. మీలో ఎవరు వచ్చినా మొగ దగ్గర నుంచి ఎగువ దాకా కోడు వెంట మీతో నడవడానికి ప్రతి ఊరి నుంచీ మనుషులు సిద్ధంగా ఉన్నారు. వచ్చేటప్పుడు లెవెల్ మిషను, పాటు వేళల పట్టిక తెచ్చుకోండి. వెదురు గడ మేము తెస్తాం.

ఇట్లు,
గోదావరి డెల్టా శివారు ఆయకట్టు సాగుదారులు